పదిహేడో నంబరు పురుగుతో పంజాగుట్ట దాకా

అమీర్‌పేటలో తుమ్మాకు ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఈ కథనం పనికొస్తుంది. మిగతావాళ్లు సరదాకి చదువుకోవచ్చు. రైలు వేళలు, టిక్కెట్ల సంగతులు రాయడం లేదు. అవి స్టేషన్ బోర్డు మీద ఉంటాయి, అక్కడ నాకంటే పెద్ద అక్షరాలతో రాశారు.

నేను వినుకొండలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా బడి ప్రహరీ వెనక ఒక తుమ్మ చెట్టుంది. తొలకరి తర్వాత దాని మీదికి బంగారు పురుగులు వస్తాయి. ఆకుపచ్చగా, బంగారు పూత పూసినట్టు మెరుస్తాయి. చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసి పెంచనివాళ్లు మా వైపు ఎవరూ ఉండరు. నేను కొంచెం ఆలస్యంగా, రిటైరైన మర్నాడు మొదలుపెట్టాను. రోజూ ఉదయం ఏడింటికి చెట్టు దగ్గరికి వెళ్తాను. కొత్తగా కనబడిన ప్రతి పురుగు వీపు మీదా గోళ్లరంగుతో చుక్కలు పెడతాను. ఎడమ రెక్క మీద పదులు, కుడి రెక్క మీద ఒకట్లు. నోటుబుక్కులో నంబరు, మొదట కనబడిన తేదీ, చివర కనబడిన తేదీ రాస్తాను. తొమ్మిదేళ్లలో నేను తేల్చింది ఒక్కటే సంగతి: బంగారు పురుగు ఇరవై ఒక్క రోజులు దాటి బతకదు.

పోయిన ఏడాది డాక్టర్ నళిని అనే కీటక శాస్త్రజ్ఞురాలు వలతో మా ఊరు వచ్చింది. నా పుస్తకం అరగంట నిలబడే చదివింది. ఈ ఏడాది జూలైలో ఉత్తరం రాసింది. ఆగస్టు అయిదో తేదీన పంజాగుట్టలో ఒక హోటల్లో కీటక శాస్త్రజ్ఞుల సదస్సు ఉందట. అందులో నా లెక్క చదవాలట. పెద్దవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల సంచికలో అచ్చవుతుందట. అయితే ఒకదానిలాగే ఇంకొకటి కనబడే పురుగులు చాలా ఉన్నాయి కాబట్టి, ఏ రకమో పరీక్షించి తేల్చనిదే ఎంత మంచి లెక్కయినా చెల్లదట. ఒక పురుగును వెంట తీసుకురమ్మంది.

పదిహేడో నంబరును తీసుకెళ్లాను. జూలై ఇరవై ఏడున కనబడింది. ఎడమ రెక్క మీద ఒక చుక్క, కుడి రెక్క మీద ఏడు. కాఫీపొడి డబ్బా మూతకు మేకుతో పదకొండు బెజ్జాలు పెట్టి అందులో కూర్చోబెట్టాను. మూడు రోజులకు సరిపడా తుమ్మాకు తడిగుడ్డలో చుట్టుకున్నాను.

అమీర్‌పేట, శుక్రవారం

ఆగస్టు మూడున ఉదయం తొమ్మిదింటికి, రైలు స్టేషన్ నుంచి వచ్చే సిటీ బస్సు దిగాను. రెండో కాలు నేల మీద పెట్టకముందే చేతిలో కాగితం పడింది: జావా నలభై అయిదు రోజుల్లో. పది అడుగులు వేశాక ఇంకొకటి: జావా ముప్పై రోజుల్లో. మలుపు తిరిగేసరికి అదే జావా పదిహేను రోజుల్లో వచ్చేస్తోంది. ఈ లెక్కన ఇంకో ఫర్లాంగు నడిస్తే చేరకముందే నేర్చేసుకున్నట్టవుతుంది. నాకు అరవై ఏడేళ్లన్న సంగతి కాగితాలు పంచేవాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. మొత్తం ఇరవై మూడు కాగితాలు. మా ఊళ్లో పెళ్లిళ్లకు కూడా ఇంతగా పిలవరు.

మధ్యలో ఇరానీ చాయ్ తాగాను. మూడు రూపాయలు. వినుకొండలో రూపాయిన్నర, పైగా గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ కప్పులో సగమే పోసి మిగతా సగం సాసర్లో ఒలికించి ఇస్తారు. ఒలికిందేమిటని అడిగితే, "అది సుత తాగాలె అమ్మా" అన్నాడు తెచ్చినతను. చాయ్ బాగుంది. ఒలికింది ఇంకా బాగుంది.

మధురానగర్, అదే రోజు

మా చెల్లెలి మనవరాలు శిరీష మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చదువుతోంది. నా బస అక్కడే. ఆ హాస్టల్ నడిపే యాదమ్మ గారికి యాభై ఏళ్లుంటాయి. నడుముకు తాళాలగుత్తి, తలుపు పక్కన కుర్చీ. గోడకు నిషేధాల పట్టిక: ఇస్త్రీపెట్టె, పొయ్యి, పెంపుడు జంతువులు, మగవాళ్లు. ఈ వరసలోనే.

"డబ్బల ఏముంది టీచరమ్మా?" అంది.

"పురుగండీ."

"బియ్యంల వచ్చిందా?"

"కాదు, నేనే తెచ్చాను."

ఆవిడ నన్ను కిందినుంచి పైకి చూసింది. "మా హాస్టల్‌ల ఒక్క పురుగు లేదని ఊరంత చెప్పుకుంటున్న. నువ్వు ఊరికెళ్లి పట్టుకొచ్చినవా?"

మూత తీసి చూపించాను. ఆవిడ ముఖం మారిపోయింది. "అరె, బంగారు పురుగు గద. ఎన్నేండ్లాయె చూసి. దీనికి అమ్మవారు పోసిందా ఏంది?"

"అవి నంబర్లండీ. పదిహేడు."

"ఆడదా, మొగదా?"

తెలియదని చెప్పాను. తెలియనిది తెలిసినట్టు చెప్పే అలవాటు నాకు లేదు.

"మొగదైతే లోపలికి రానియ్య. గిది ఆడోళ్ల హాస్టల్." కాసేపు ఆలోచించింది. "డౌట్ ఉంది గాబట్టి వదిలేస్తున్న. పో."

భోజనంలో పప్పు, వంకాయ కూర, నీళ్లచారు. మా వైపు పప్పులో కారం కనిపిస్తుంది. ఇక్కడ దాన్ని వేరే గిన్నెలో పెట్టి, కావలసినవాళ్లు కలుపుకోమన్నారు. నేను కలుపుకున్నాను. తిని గదిలోకి వచ్చి చూస్తే తుమ్మాకు మూట లేదు.

గదిలో శిరీషతో పాటు స్వాతి అని ఇంకో అమ్మాయి ఉంది. మర్నాడు ఆ అమ్మాయికి ఇంటర్వ్యూ. అద్దం ముందు కూర్చుని తలకు ఏదో పచ్చని ముద్ద పట్టించుకుంటోంది.

"అది ఎక్కడిదే?" అన్నాను.

"మీ సంచీలోదే అమ్మమ్మగారూ. ఊరినుంచి తెచ్చారంటే జుట్టుకు మంచిదనుకున్నాను. మిక్సీలో వేశాను. ఎంతసేపు ఉంచుకోవాలండీ?"

పదిహేడో నంబరు మూడు రోజుల తిండి స్వాతి నెత్తిన ఉంది. తిట్టడానికి నోరు రాలేదు, ఎందుకంటే తడిగుడ్డ ఉతికి ఆరేసింది కూడా. డబ్బాలో నాలుగు రెమ్మలు మిగిలాయి. పదిహేడు రోజుకు ఆరు తింటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు నేనూ శిరీషా తుమ్మాకు వెతకడానికి బయల్దేరాం.

అమీర్‌పేట రోడ్లో ఆకు అన్నది కనబడదు. కనబడే చోటల్లా బోర్డు ఉంది. ఒక కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర టై కట్టుకున్న ఒకాయన మమ్మల్ని ఆపి లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. మంచినీళ్లిచ్చి, "చెప్పండి మేడమ్, ఏం కావాలి?" అన్నాడు. మర్యాదస్తుడు కదా అని నిజం చెప్పాను.

"తుమ్మాకు కావాలి బాబూ."

ఆయన తన జాబితా పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "ప్రస్తుతం మా దగ్గర లేదు మేడమ్. డిమాండ్ ఉంటే వచ్చే బ్యాచ్‌లో పెడతాం. మీరిద్దరూ చేరతారా?"

శిరీష నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

సాయంత్రానికి ఎస్.ఆర్. నగర్ దాకా తిరిగాం. వేప, కానుగ, ఎవరి గేటు పక్కనో ఒక జామ. తుమ్మ లేదు. వెనక్కి వచ్చి డబ్బా మూత తీస్తే రెండే రెమ్మలున్నాయి. పదిహేడు నావైపు చూస్తున్నట్టనిపించింది. పురుగు చూపు ఎటువైపో చెప్పడం కష్టం కాబట్టి దీన్ని నోటుబుక్కులో రాయలేదు.

యాదమ్మ గారు విని, "గింతేనా. పొద్దుగాల నాతోని రా. ఎర్రమంజిల్ క్వార్టర్ల ఎనక ఉండాలె. చిన్నప్పుడు మా నాయినతోని మేకల కోసం గాడికే పోతుంటిమి. ఫికర్ చెయ్యకు" అంది.

ఎర్రమంజిల్, శనివారం

ఉదయం ఆరున్నరకు వెళ్లాం. ప్రభుత్వ క్వార్టర్ల వెనక గోడవార నిజంగానే ఒక తుమ్మ చెట్టుంది. వంకరది, సగం ఎండినది. అంత అందమైన చెట్టును నేను హైదరాబాదులో మరొకటి చూడలేదు. నేను కొమ్మ వంచి పట్టుకుంటే యాదమ్మ గారు రెమ్మలు తుంచుతోంది. అప్పుడు లాఠీతో వాచ్‌మన్ వచ్చాడు.

"ఆకులు తెంపొద్దని బోర్డుంది, కనవడ్తలేదా?"

"తుమ్మచెట్టుకు ఎవలన్న బోర్డు పెడ్తరా?" అంది యాదమ్మ గారు.

"బోర్డు మీద చెట్టు పేరు లేదు. అన్ని చెట్లకు వస్తది." చుట్టూ చూశాడు. "మేకేది?"

"మేక లేదు."

"మేక లేకుంట తుమ్మాకు ఎవరు తెంపుతరు? నాకు చెప్తున్నవా? పోయిన నెల సుత ఒకడు గిట్లనే చెప్పిండు. గోడ ఎనక రెండు దొరికినయ్."

డబ్బా తెరిచి చూపించాను. వాచ్‌మన్ వంగి చూశాడు. లాఠీ గోడకు ఆనించాడు. "దారం కట్టిన్రా?" అని అడిగాడు.

"లేదు, నంబరు వేశాను."

"మేం దారం కడ్తుంటిమి. గుయ్యిమని తిరుగుతుండె. ఒకపారి మా తమ్ముని ముక్కుల దూరింది." ఆ సంగతి తలుచుకుని తనలో తానే నవ్వుకున్నాడు. తర్వాత మేము అందుకోలేని కొమ్మను తనే లాఠీతో వంచి, తనే తుంచి ఇచ్చాడు. బోర్డు సంగతి ఏమిటని అడిగితే, "బోర్డు మీకు. నేను డ్యూటీల ఉన్న" అన్నాడు.

పదిహేడు ఎర్రమంజిల్ ఆకును వెంటనే తిన్నది. మా తుమ్మకూ ఈ తుమ్మకూ తేడా దానికి తెలిసిందో లేదో. తొమ్మిది గంటలకు స్వాతి ఇంటర్వ్యూకు బయల్దేరింది. జుట్టు నిజంగానే మెరుస్తోంది.

పంజాగుట్ట, ఆదివారం

యాదమ్మ గారు కూడా వస్తానంది. భోజనం పెడతారా అని మాత్రం అడిగింది. పెడతారని ఉత్తరంలో ఉంది.

హోటల్ గుమ్మం మీద గుడ్డ కట్టారు: కీటక శాస్త్రజ్ఞులకు స్వాగతం. మేనేజరు నమస్కారం పెట్టి, డబ్బా చూడకుండానే, "మేడమ్, మీరు కీటకాల వాళ్లే కదా? మీకు ఏ ఇబ్బందీ ఉండదు. రాత్రి హాలంతా రెండుసార్లు మందు కొట్టించాం. ఒక్క పురుగు కనబడితే నన్నడగండి" అన్నాడు.

మందు వాసన గుమ్మం దాకా వస్తోంది. డబ్బాను ఛాతీకి హత్తుకుని నాలుగడుగులు వెనక్కి వేశాను. ఇంత దూరం తెచ్చి, ఎర్రమంజిల్‌లో వాచ్‌మన్‌ను ఒప్పించి, ఇప్పుడు మర్యాద చేసి చంపేటట్టున్నారు. చివరికి పోర్టికోలో ఒక కుర్చీ వేయించి, డబ్బా ఒళ్లో పెట్టి యాదమ్మ గారిని కూర్చోబెట్టాను. నేను లోపలికి వెళ్లి, పది నిమిషాలకొకసారి బయటికి వచ్చి చూసుకుంటూ వచ్చాను.

లోపల అరవై మంది దాకా ఉన్నారు. నళిని నన్ను అందరికీ పరిచయం చేసింది. వాళ్లలో వాళ్లు పేర్లకంటే పురుగులతోనే గుర్తుపట్టుకుంటారు. "ఈయన చీమలు. ఆవిడ తూనీగలు. ఆ మూల పెరుగన్నం తింటున్నాయన పేడపురుగులు" అంది. నేను లెక్కల టీచరునని చెబితే, "లెక్కలు ఏ చెట్టు మీద ఉంటాయండీ?" అని చీమలాయన అడిగాడు. ఒకతను ఈగ కాళ్ల మీద వెంట్రుకల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. వాటి సంఖ్యను బట్టే ఈగ రకం తేలుతుందట. నాకు చాలా నచ్చింది. మన చుట్టూ తిరిగే పురుగుల్లో ఇంకా పేరు పెట్టనివి ఎన్నో ఉన్నాయని ఇంకొకావిడ చెప్పింది. అందరూ తలలూపారు. ఆ హాల్లో మాత్రం ఒక్కటీ లేదు.

పదకొండింటికి నా వంతు. అయిదు నిమిషాల్లో చదివేశాను. అధ్యక్షత వహించిన పెద్ద ప్రొఫెసర్ సోమయాజులు గారు కళ్లజోడు తీసి, "ఇరవై ఒక్క రోజులు దాటింది ఒక్కటి కూడా లేదా అమ్మా?" అని అడిగారు.

"తొమ్మిదేళ్లలో లేదండీ."

"లెక్క శుభ్రంగా ఉంది. నమూనా తెచ్చారా?"

తెచ్చానన్నాను. అందరం పోర్టికోలోకి వచ్చాం.

పోర్టికోలో

ప్రొఫెసర్ గారు డబ్బాలోకి చూశారు. తర్వాత నావైపు చూశారు. "ఇది బతికి ఉందే" అన్నారు.

"అవునండీ. చాలా కష్టపడ్డాం."

నళిని మెల్లగా నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నమూనా అంటే చచ్చి, ఎండి, సూదికి గుచ్చి, కింద చీటీ మీద ఊరు, తేదీ, పట్టుకున్నవాళ్ల పేరు రాసి ఉండేదట. ప్రపంచంలో ఎక్కడైనా ఇదే పద్ధతట. ఈ మాట నాకు ఉత్తరంలో రాయాలని ఆమెకు తట్టలేదు. వాళ్లకు అది చెప్పనక్కర్లేని సంగతి. అలా ఉండవచ్చునని నాకూ తట్టలేదు. నేను తొమ్మిదేళ్లుగా బతికినవాటినే లెక్కపెడుతున్నాను.

"ఏం ఫర్వాలేదు. అయిదు నిమిషాల పని" అని ప్రొఫెసర్ గారు జేబులోంచి ఒక సీసా తీశారు. అడుగున దూది, పైన బిగుతైన మూత. చూడగానే అది దేనికో అర్థమైంది.

నళిని పదిహేడును వేళ్లతో పైకెత్తి, తిప్పి చూసి, "మగది" అంది.

"నాకు గప్పుడే డౌట్" అంది యాదమ్మ గారు.

ఆ మాటకు నళిని నవ్వింది. వేళ్లు సడలాయి. పదిహేడు గుయ్యిమని లేచింది.

అరవై మంది శాస్త్రజ్ఞులు తలలు పైకెత్తారు. ఒక్కసారిగా అరవై నోళ్లలోంచి దాని శాస్త్రీయ నామం వచ్చింది, కొందరు రెండు రకాలుగా పలికారు. కదిలినవాళ్లు మాత్రం లేరు. వలలన్నీ ఇళ్ల దగ్గరున్నాయి. హోటల్ మేనేజరు మందుడబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఆగు నాయనా" అని నేను అతని దారికి అడ్డంగా నిలబడ్డాను. పదిహేడు రెండు చుట్లు తిరిగి ప్రొఫెసర్ గారి కోటు వీపు మీద వాలింది.

"జర కదలకు సార్" అంది యాదమ్మ గారు. వెనకనుంచి వెళ్లి కొంగు కప్పి, మెత్తగా మూసి, తెచ్చి నా చేతిలో పెట్టింది. "పట్టుకోనికి చదువెందుకు."

ప్రొఫెసర్ గారు మళ్లీ సీసా మూత తీశారు. తొమ్మిదేళ్ల లెక్క అచ్చులోకి వెళ్లాలంటే ఇక మిగిలింది ఆ అయిదు నిమిషాలే. పురుగు నా అరచేతిలో కితకితలు పెడుతోంది.

"ఒక్క సందేహమండీ" అన్నాను. "ఇవాళ దీనికి పదో రోజు. ఇప్పుడు చంపితే నా పట్టికలో పదిహేడో వరసలో ఎంతని రాయాలి? పది అని రాస్తే అబద్ధం. అది దీని ఆయుష్షు కాదు, మీ తీరిక."

"ఒక్క వరస వదిలెయ్యండమ్మా."

"తొమ్మిదేళ్లలో ఒక్క వరస వదల్లేదండీ."

దీని మీద అరగంట చర్చ జరిగింది. చీమలాయన నేను చెప్పింది నిజమేనన్నారు. తూనీగలావిడ నమూనా లేనిదే శాస్త్రం లేదన్నారు. పేడపురుగులాయన భోజనానికి ఆలస్యమవుతోందన్నారు. చివరికి ప్రొఫెసర్ గారు, "మీ లెక్క ప్రకారమే ఇది పదహారో తేదీకి పోవాలి కదా?" అన్నారు.

"పోవాలి."

"ఇరవయ్యో తేదీన సంచిక అచ్చుకు వెళ్తుంది. ఆలోగా నా చేతికొస్తే మీది ఉంటుంది. రాకపోతే లేదు. మీ లెక్క మీద మీకు నమ్మకముందా?"

ఉందన్నాను. సీసా మూత పెట్టేశారు.

భోజనం నిలబడి చేశాం. పెళ్లిళ్లలో బంతి వేస్తే మనం కూర్చుంటాం, వడ్డించేవాళ్లు తిరుగుతారు. ఇక్కడ అన్నం కూర్చుంటుంది, మనం తిరగాలి. యాదమ్మ గారు మూడుసార్లు తిరిగింది.

మళ్లీ వినుకొండ

స్వాతికి ఉద్యోగం వచ్చింది. తుమ్మాకు వల్లేనని హాస్టలంతా చెప్పుకుంటున్నారట. ఎర్రమంజిల్ వాచ్‌మన్ పని పెరిగిందని యాదమ్మ గారు ఫోన్లో చెప్పింది. ఆవిడ రెండు రోజులకొకసారి చేసేది. నేను ఎలా ఉన్నానని అడిగేది కాదు. "ఉన్నదా, పోయిందా?" అనేది.

పదహారో తేదీ ఉదయం ఏడింటికి డబ్బా మూత తీశాను. చిన్న అట్టపెట్టె, సూది, చీటీ సిద్ధంగా పెట్టుకున్నాను. పదిహేడు ఆకు నములుతోంది. సరే, ఇరవై ఒకటో రోజు ఇంకా ముగియలేదు కదా అనుకున్నాను. పదిహేడో తేదీన కూడా నములుతోంది. నేను మూడుసార్లు లెక్కపెట్టాను: ఇరవై రెండు. తొమ్మిదేళ్ల మాట ఒక్క ఆకుతో పోయింది. సిరా కలంతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

పద్దెనిమిదిన ప్రొఫెసర్ గారికి నా లెక్క తప్పిందని కార్డు రాశాను. పంతొమ్మిదిన కొత్త ఆకు వేశాను. ఇరవయ్యో తేదీన, అక్కడ సంచిక అచ్చుకు వెళ్తున్న పూట, పదిహేడు నా వేలెక్కి మణికట్టు దాకా నడిచింది. దించడానికి తొందరపడలేదు.

ఇరవై ఒకటిన పోయింది. ఇరవై ఆరు రోజులు. ఆ అంకె వేశాను.

ఎండబెట్టి, సూదికి గుచ్చి, చీటీ రాసి పంపాను. నళిని జవాబు రాసింది. పురుగును సొరుగులో పెట్టారట. రకం తేలిందట. చుక్కలు చూడటానికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారట. ఈ ఏడాది సంచికలో నా లెక్క రాలేదు. చివర ప్రొఫెసర్ గారు స్వయంగా ఒక వాక్యం చేర్చారు: ఇరవై ఆరుతో కలిపి వచ్చే ఏడాదికి మళ్లీ పంపమని.

యాదమ్మ గారికి ఫోన్లో చెప్పాను. "ఇరవై ఆరా? మా ఎర్రమంజిల్ ఆకు తిన్నది గద. గందుకే" అంది.

దానికి ఆధారమేమీ లేదని చెప్పాను. ఒక్క పురుగును బట్టి, రెండు రోజుల మేతను బట్టి అలా తేల్చడం శాస్త్రం కాదని కూడా చెప్పాను. ఫోన్ పెట్టేశాక, స్కేలు తీసుకుని, నోటుబుక్కులో వచ్చే ఏడాది పట్టికకు ఒక గడి అదనంగా గీశాను. దాని మీద రాశాను: ఆకు ఎక్కడిది.